ఊరి దోమ... చేని దోమ

తెలుగులో ఒంటికి జబ్బు చేస్తే వేసుకునేది మందే. పైరుకు పురుగు పడితే కొట్టేదీ మందే. వీధిలో దోమలు పెరిగాయని మున్సిపాలిటీ వాళ్లు పొగ వదిలినా ‘మందు కొడుతున్నారు’ అనే అంటాం. ప్రాణం పోసేదానికీ తీసేదానికీ ఒకటే పేరు! అందుకేనేమో, చేతిలో ఉన్నది విషమన్న సంగతి చాలాసార్లు మరపున పడిపోతుంది. పొగబండి వెనకాల పిల్లలు కేరింతలు కొడుతూ పరుగెత్తుతారు. మందు కలిపిన బక్కెట్టునే కడిగి ఇంటి పనికి వాడేస్తారు. ‘మందే కదా’ అనుకోవడం అలవాటైపోయింది.

ఆ అలవాటును ఏలూరు 2020 డిసెంబరులో ఉలిక్కిపడి తడుముకుంది.

ఆ వారం ఏం జరిగిందంటే...

డిసెంబరు తొలి వారాంతం. ఏలూరు వన్‌టౌన్ ప్రాంతంలో మనుషులు ఉన్నట్టుండి కూలిపోవడం మొదలైంది. మూర్ఛ వచ్చినట్టు కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, నోట నురగ, మూడు నుంచి అయిదు నిమిషాల్లో తేరుకోవడం, ఏం జరిగిందో గుర్తు లేకపోవడం... కొందరికి వాంతులు, తలనొప్పి, నడుంనొప్పి. పిల్లలు, పెద్దలు, ఆడ, మగ తేడా లేదు. ప్రభుత్వాసుపత్రి మంచాలు నిండిపోయాయి. కొద్ది రోజుల్లోనే బాధితులు ఆరువందలు దాటారు. ఒకరు చనిపోయారు.

అసలే కరోనా ఏడాది. కొత్త వైరసేమోనని ఊరు ఊరంతా హడలిపోయింది. కానీ ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోలేదు. ఒకే ఇంట్లో ఒకరు పడిపోతే మిగతావాళ్లు మామూలుగానే ఉన్నారు. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఐఐసీటీ, నీరి, ప్రపంచ ఆరోగ్య సంస్థ... ఇలా నిపుణుల బృందాలు వరసకట్టాయి. నీళ్లు, పాలు, కూరగాయలు, రక్తం, అన్నీ సీసాలకెక్కాయి. బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ పరీక్షలు తేల్చాయి. కరోనా కోసం విచ్చలవిడిగా చల్లిన బ్లీచింగేమో అన్నవాళ్లున్నారు. దోమల మందేమో అన్నవాళ్లూ ఉన్నారు. చివరికి డిసెంబరు 16న జరిగిన సమీక్షలో పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమన్నది నిపుణుల అభిప్రాయంగా ప్రభుత్వం చెప్పింది.

జబ్బు వచ్చినట్టే వెళ్లిపోయింది. విషం మనుషుల్లోకి ఎలా చేరిందన్నదే గట్టి ప్రశ్న. నీళ్లలోంచా, కూరల్లోంచా, రెండింట్లోంచీనా? ఏలూరు జనం దృష్టిలో ఆ ప్రశ్న ఇంకా మూతపడలేదు. 

ఇక్కడో విచిత్రం. ఏలూరు ఆసుపత్రిలో మంచాలు ఖాళీ అయిన ఆ డిసెంబరు ఆఖరి రోజునే దేశంలో ఆరు పురుగుమందులకు కాలం చెల్లింది. డైక్లోరోవాస్, ఫోరేట్, ఫాస్ఫామిడాన్, ట్రైజోఫాస్, ట్రైక్లోర్‌ఫాన్, కలుపుమందు అలాక్లోర్. కేంద్రం 2018 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుంచి వీటిని పూర్తిగా మానేయాలి. అంటే, ప్రమాదమని తెలిశాక కూడా రెండేళ్లకు పైగా గడువు! గోదావరి జిల్లాల్లో ఏ రైతు నడిగినా వీటిలో మూడు నాలుగు పేర్లు టకటకా చెప్తాడు. అంతగా అలవాటైన డబ్బాలవి.

పట్నమూ మందు కొడుతుంది

పురుగుమందు అనగానే అందరి వేలూ రైతు మీదికే వెళ్తుంది. కానీ పట్నం తక్కువేం తినలేదు. కాకపోతే అది పురుగును కాక దోమను చూపిస్తుంది.

ఏలూరు పడుకున్న తీరే అలాంటిది. ఊరి పక్కగా తమ్మిలేరు. ఊళ్లోకి వచ్చే కృష్ణా కాలువ, గోదావరి కాలువ. నేల బల్లపరుపు. మురుగు నీరు పరుగెత్తదు, నడవదు, కూర్చుంటుంది. కింద కొల్లేరు. వానాకాలం కొల్లేరు నిండితే పై నీటికి దిగే దారే ఉండదు. ఇలాంటి చోటు దోమకు పుట్టిల్లు కాక మరేమవుతుంది! గోదావరి జిల్లాలకు బోదకాలు బెడద తరతరాలుగా ఉన్నదే. దాన్ని మోసేది మురుగునీట్లో పెరిగే క్యూలెక్స్ దోమ. 

దోమకూ తెలుగునేలకూ పాత చుట్టరికమే. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉంటుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లోనే. ఆ తర్వాతి కాలమంతా దోమ మీద యుద్ధమే. ఆయుధాలేమిటి? ఎక్కువగా రసాయనాలే. వీధుల్లో పొగగా వదిలే మలాథియాన్, నీళ్లలో పోసే టెమిఫాస్... ఈ రెండూ ఆర్గానోఫాస్ఫేట్లే. పొలంలో కొట్టే చాలా మందులది కూడా అదే కుటుంబం. నరాల సంకేతాలను అదుపు చేసే ఎంజైమును పనిచేయకుండా చేసి పురుగును చంపుతాయి. ఆ ఎంజైము మనిషిలోనూ ఉంది! మోతాదు తక్కువని, నియమాల ప్రకారం వాడితే ముప్పు తక్కువని అంటారు. నిజమే. కానీ, మలాథియాన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్నవాటి జాబితాలోకి 2015లో చేరింది. చేర్చింది ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం.

పోనీ అంత విషం వదిలినా దోమ పోతుందా అంటే, అదీ లేదు. పొగ తగిలేది ఆ కాసేపట్లో గాల్లో ఎగురుతున్న దోమకే. మురుగు కాల్వలో గుడ్లు, లార్వా భద్రంగా ఉంటాయి. గుడ్డు దోమ కావడానికి మన ఎండలకు వారం పది రోజులు చాలు. ఈ ఆదివారం పొగ పెడితే వచ్చే ఆదివారానికి కొత్త పంట! పైగా మందును తట్టుకున్న దోమల సంతానం మరింత మొండిగా పుడుతుంది.

అయినా ప్రతి ఊళ్లోనూ జనం అడిగేది పొగబండినే. కారణం సులువుగానే తెలుస్తుంది. బండి చప్పుడు చేస్తుంది. పొగ కనిపిస్తుంది. వార్డు కౌన్సిలరు వచ్చాడని, పని జరిగిందని అందరికీ తెలుస్తుంది. అదే పదిమంది కూలీలు కాల్వలో దిగి పూడిక తీస్తే చప్పుడుండదు, ఫొటో బాగుండదు, పైగా వాసన!

చేప, సున్నిపిండిలాంటి సూక్ష్మజీవి, గొట్టానికో గుడ్డ

విషం లేకుండా దోమను గెలవడం కొత్త విద్యేం కాదు. మనకు తెలిసినవే ఎక్కువ.

మొదటిది చేప. అమెరికా నుంచి వచ్చిన గంబూసియా చేపను మన దేశంలో 1928 నుంచే దోమల మీదికి వదులుతున్నారు. వేలెడంత కూడా ఉండదు. రోజుకు వంద లార్వాలను అలవోకగా మింగేస్తుంది. బావులు, తొట్లు, ఫౌంటెన్లు, కట్టుబడి నీళ్ల ట్యాంకులకు ఇది భేషైన కాపలాదారు. అయితే దీనికో దుర్గుణం. లార్వాలతో ఆగదు, మిగతా చేపల గుడ్లనూ పిల్లలనూ తినేస్తుంది. ప్రపంచంలో అతి ఎక్కువ చేటు చేసిన వంద పరాయి జాతుల జాబితాలో దాని పేరుంది. అందుకే ఏలూరు లాంటి చోట జాగ్రత్త తప్పదు. ఊరి కాల్వలో వదిలిన చేప వరదొస్తే చేరేది కొల్లేటికే. నాలుగు గోడల మధ్య ఉన్న నీటికి గంబూసియా సరే, పారే నీటికి కాదు. చిక్కటి మురుగులో అసలు బతకదు కూడా.

రెండోది సూక్ష్మజీవి. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో 1976లో ఓ బ్యాక్టీరియా దొరికింది. బీటీఐ అంటారు. దీని పొడినో, ద్రావణాన్నో నీటిలో చల్లితే లార్వా తింటుంది. దాని కడుపులోనే అది విషంగా మారుతుంది. మనిషికి, చేపకు, పక్షికి ఏమీ కాదు. మురుగు మరీ ఎక్కువైన చోట దీని పని తొందరగా తగ్గిపోతుంది. అక్కడ దీని చుట్టమే అయిన బాసిల్లస్ స్ఫేరికస్ మెరుగు. వీటి మీద పుదుచ్చేరిలోని రోగవాహక కీటకాల నియంత్రణ పరిశోధన కేంద్రం ఏళ్ల తరబడి పనిచేసింది. దేశంలో తయారవుతోంది, దొరుకుతోంది. కాకపోతే ప్రతి వారం, పది రోజులకు క్రమం తప్పకుండా చల్లాలి. ఓసారి చల్లి ఫొటో దిగితే సరిపోదు.

మూడోది అన్నిటికన్నా చవక. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి దోమతెర గుడ్డ కట్టడం! ఊరి దోమల్లో ఎన్నో పుట్టేది ఇంటి వెనకున్న ఆ చీకటి గదిలోనే. పొగ అక్కడికి చేరదు, చేప అక్కడ బతకదు. పాత చీర ముక్కో, నైలాన్ తెరో గొట్టం మూతికి గట్టిగా బిగిస్తే లోపలి దోమ బయటికి రాదు, బయటి దోమ గుడ్లు పెట్టడానికి లోపలికి పోదు. జాంజిబార్ దీవిలో 1980ల ఆఖరులో గుంత మరుగుదొడ్ల నీటి మీద థర్మోకోల్ పూసలు పరిచారు. లార్వాలకు ఊపిరాడక దోమలు పడిపోయాయి. దాంతోపాటు బోదకాలు మాత్రలూ ఇవ్వడంతో జబ్బు బాగా తగ్గింది. మనకు మాత్రం గుడ్డ ముక్కే మేలు. తమ్మిలేరు పొంగిందంటే ఆ పూసలన్నీ కొల్లేటి కొంగల నోట్లోకే పోతాయి!

ఇక డెంగీ దోమ తీరు వేరు. అది మురుగు జోలికి పోదు. కూలరు, పూలకుండీ పళ్లెం, పాత టైరు, కొబ్బరి చిప్ప... మంచినీటి చెంచాడు చాలు దానికి. వారానికో రోజు ఇంట్లో ప్రతి నీటి పాత్రనూ ఖాళీచేసి, రుద్ది, ఆరబెట్టే ‘డ్రై డే’ పాటిస్తే గుడ్డు దోమ అయ్యేలోపే గొలుసు తెగిపోతుంది. దానికి ఏ కార్పొరేషనూ నిధులివ్వనక్కర్లేదు.

చేలోనూ ఇదే కథ

ఇప్పుడు ఊరు దాటి పొలం గట్టెక్కితే అక్కడా దోమే. వరిని కుదుళ్లకు కుదుళ్లు సుళ్లు తిరిగినట్టు ఎండగొట్టే సుడిదోమ. గోదావరి రైతు దోమపోటు అంటాడు. అది నెత్తురు తాగే దోమ కాదు, రసం పీల్చే పురుగు. కానీ పేరొక్కటే కాదు, దాన్ని పెంచిన తప్పూ ఒక్కటే.

సుడిదోమ గుడ్లు ఆకు తొడిమ లోపల దాగుంటాయి. మందు వాటిని తాకదు. పైన తిరిగే పురుగులు చస్తాయి. వాటితోపాటు వాటిని తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులూ చస్తాయి. నాలుగు రోజులకు గుడ్లు పిగిలేసరికి చేలో కాపలా లేదు. ఇంకేముంది, ఒకటికి పది! మళ్లీ మందు. మళ్లీ దోమ. పొగబండికీ, రైతు వీపున ఉన్న ట్యాంకుకూ తేడా ఏముంది?

ఈ సంగతి దేశం మొత్తానికి తెలిసొచ్చింది ఇండోనేసియాలో. మందు వాడిన కొద్దీ సుడిదోమ పెరగడం చూసి అక్కడి ప్రభుత్వం 1986లో ఒక్క దెబ్బతో వరిలో 57 రకాల పురుగుమందులను నిషేధించింది. మందుల మీద ఇచ్చే రాయితీనీ తర్వాత ఎత్తేసింది. రైతులకు పొలంబడులు పెట్టి మిత్రపురుగేదో, శత్రుపురుగేదో గుర్తుపట్టడం నేర్పింది. మందుల వాడకం సగానికి పైగా పడిపోయింది. ధాన్యం దిగుబడి మాత్రం తగ్గలేదు.

మన దగ్గర విద్య లేదా? ఉంది. 1925 నుంచీ పనిచేస్తున్న మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఈ గోదావరి డెల్టాలోనే ఉంది. 1982లో స్వర్ణను ఇచ్చింది అదే. స్వర్ణ బాగా పండింది, దేశమంతా పాకింది. కానీ సుడిదోమను తట్టుకోలేదు. ఆ లోటు తీర్చడానికి దోమను ఓర్చుకునే విజేత లాంటి రకాలనూ మార్టేరే తెచ్చింది. నాట్లప్పుడు రెండు మీటర్లకో అడుగు వెడల్పున కాలిబాట వదలడం, నాటే ముందు నారు కొసలు తుంచి కాండం తొలిచే పురుగు గుడ్లను తీసేయడం, యూరియా అతిగా వేయకపోవడం, నీరు మార్చి మార్చి తీయడం... ఇవన్నీ పైసా ఖర్చు లేని మందులే.

కూరగాయల విషయంలోనూ అంతే. అయిదు కిలోల వేపగింజల పప్పు దంచి, వంద లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బునీరు కలిపి కొడితే పురుగు ఆకును ముట్టదు. వంగకూ టమాటాకూ లింగాకర్షక బుట్టలు, తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు, గట్ల మీద ఎర పంటగా బంతి, ఆముదం. తాడేపల్లిగూడెం పక్కనే వెంకట్రామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉంది. విద్య గడపలోకి వచ్చి కూర్చుంది!

పునుకుల ఏం చేసింది?

చేయగలమా అన్న అనుమానానికి నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల జవాబు చెప్పింది. పత్తి రైతుల ఊరు. పంట కన్నా మందుల కొట్టు బాకీ ఎక్కువ. మందు చల్లి పడిపోయేవాళ్లూ, అదే మందు తాగి పోయేవాళ్లూ ఉన్న ఊరు. 1999 నుంచి ఓ స్వచ్ఛంద సంస్థ సాయంతో కొద్దిమంది రైతులు వేపకషాయం, ఎర పంటలు మొదలుపెట్టారు. మహిళా సంఘాలు వేపగింజలు సేకరించి, పొడి చేసి అమ్మాయి. అయిదేళ్లు తిరిగేసరికి ఊరంతా రసాయన పురుగుమందులు మానేసింది. తర్వాత మహిళా సంఘాల ద్వారా ఉమ్మడి రాష్ట్రంలో వేల గ్రామాలకు ఈ పద్ధతి పాకింది.

ఆ బాటలోనే ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యం కార్యక్రమం వచ్చింది. రైతు సాధికార సంస్థ దాన్ని నడుపుతోంది. జీవామృతం, నీమాస్త్రం పేర్లు ఇప్పుడు పల్లెల్లో కొత్తవి కావు. 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ మానవాళికిచ్చే పురస్కారం, అంటే పది లక్షల యూరోలు, ఈ కార్యక్రమానికీ మరో ఇద్దరికీ కలిపి దక్కింది. 

మరి ఏలూరు చుట్టూ ఇది ఎందుకు ఊపందుకోదు? ఓ కారణం నేలలోనే ఉంది. డెల్టాలో పొలం ఒకరిది, సేద్యం మరొకరిది. కౌలు రైతుకు వచ్చే ఏడాది ఆ పొలం ఉంటుందో లేదో తెలియదు. నేలను బాగుచేసే పనికి ఫలితం రెండు మూడేళ్లకు గానీ రాదు. కౌలు బస్తాలు మాత్రం ఈ పంటకే కట్టాలి. పురుగు కనిపించగానే అప్పిచ్చిన మందుల కొట్టాయన ఏ డబ్బా ఇస్తే అది కొట్టక ఏం చేస్తాడు? రైతును తిట్టేముందు ఈ లెక్క చూడాలి. రెండో కారణం బజారులో ఉంది. మందు కొట్టని వంకాయకు ఓ పుచ్చు ఉంటుంది. మనమే ఏరి పక్కన పడేస్తాం. నిగనిగలాడేదాన్ని బుట్టలో వేసుకుంటాం. రైతు చూసి నేర్చుకునేది మన చేతివేళ్ల నుంచే!

కింద కొల్లేరు ఉంది

ఊరి మురుగైనా, చేని మురుగైనా ఆఖరికి చేరేది అక్కడికే. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు, పదుల కొద్దీ డ్రెయిన్లు... కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా పరుచుకున్న కొల్లేటిలోనే కలుస్తాయి. బయటికి దారి ఒక్క ఉప్పుటేరు. 1999లో అయిదో కాంటూరు వరకూ 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అక్రమ చెరువుల గట్లు కొట్టేశారు. తర్వాత చాలా చోట్ల మళ్లీ లేచాయి. ఆ గొడవ కొల్లేటి చాంతాడంత!

ఇక్కడ చెప్పుకోవాల్సింది గట్ల లోపలి మందు సంగతి. చేపలకు పేను పడుతుంది. ఒంటికి అతుక్కుని నెత్తురు పీల్చే చిన్న జీవి అది. బొచ్చె, శీలావతి చెరువుల్లో పేను కనిపించగానే పొలంలో కొట్టే మందునే చెరువులో కలపడం చాలాచోట్ల మామూలైంది. ఆ నీరు తిరిగి కొల్లేటిలోకే. ఆ చేప తిరిగి మన కంచంలోకే.

దీనికీ విషం లేని ఉపాయముంది. పేను తన గుడ్లను గట్టి వస్తువులకు అంటిస్తుంది. చెరువులో అక్కడక్కడ వెదురు బద్దలు, తడికలు నిలబెడితే వెళ్లి వాటి మీద పెడుతుంది. కొద్ది రోజులకోసారి వాటిని పైకి తీసి ఎండలో ఆరబెట్టి, మళ్లీ దించాలి. గుడ్లు ఎండకు మాడిపోతాయి. ఓపిక కావాలి, వెదురు కావాలి. అంతే.

కొల్లేరు లంకల్లో ఉండే జనానికి చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం కొనుక్కోవాలి. ఆటపాకలో గూడబాతులను చూడ్డానికి వెళ్లే కుటుంబాలు ఈ మాట గుర్తుంచుకుంటే, తమ వీధి కాల్వలో పోసే డబ్బా ఎక్కడ తేలుతుందో తెలుస్తుంది.

చిన్న ఊరు, పెద్ద మాట

ఇవన్నీ ప్రభుత్వాలు చూసుకోవాలి, మున్సిపాలిటీ ఏం చేస్తుంది అంటారా? కెనడాలో హడ్సన్ అనే చిన్న పట్టణం ఉంది. జనాభా కొన్ని వేలు. అక్కడ జూన్ ఇర్విన్ అనే చర్మవైద్యురాలు ఊళ్లో పచ్చిక మీద చల్లే మందుల వల్ల ఆరోగ్యం దెబ్బతింటోందని పట్టణ సమావేశాల్లో ఏళ్ల తరబడి అడుగుతూనే వచ్చింది. విని విని, 1991లో కౌన్సిల్ అందం కోసం చల్లే పురుగుమందులను ఊళ్లో నిషేధిస్తూ తీర్మానం చేసింది. మందులు చల్లే కంపెనీలు కోర్టుకెక్కాయి. పదేళ్లు పోరాడాక 2001లో ఆ దేశ సుప్రీంకోర్టు ఊరి పక్షానే తీర్పిచ్చింది. తన జనం ఆరోగ్యం కోసం ఆ మాట అనే హక్కు ఊరికి ఉందని చెప్పింది. ఆ బాటలో టొరంటో నడిచింది. ఫ్రాన్స్ 2017లో పార్కుల్లో, 2019లో ఇంటి తోటల్లో రసాయన మందులు మాన్పించింది.

హడ్సన్‌లో బోదకాలు లేదు, డెంగీ లేదు. ఏలూరులో దోమను గాలికొదిలేయలేం. డెంగీ కేసు వచ్చిన వీధిలో పొగ పెట్టాల్సి రావచ్చు. కానీ అది ఆఖరి ఆయుధం కావాలి, అలవాటు కాకూడదు. 2005లో కార్పొరేషన్ అయి, 2022 నుంచి జిల్లా కేంద్రమైన ఏలూరు చేతిలో ఈ పనులు లేవా?

మురుగు పూడికతీతకు వార్డువారీ తేదీలు ముందే ప్రకటించడం. మురుగులో టెమిఫాస్ బదులు సూక్ష్మజీవి ద్రావణం. సెప్టిక్ గొట్టానికి తెర ఉంటేనే ఇంటి ప్లాను మంజూరు. ఏ వీధిలో ఏ మందు, ఎంత మోతాదు, ఏ రోజు చల్లారో బోర్డు మీద రాయడం. కాలువల నుంచి వచ్చే తాగునీటిలో పురుగుమందుల అవశేషాలను ఏడాదికి కొన్నిసార్లయినా, ముఖ్యంగా సార్వా, దాళ్వా మందుల కాలంలో పరీక్షించి ఫలితం జనానికి చెప్పడం. 1999లో మొదలైన రైతుబజార్లలో ప్రకృతి సేద్యం రైతులకు రోజూ ఓ వరస, అక్కడే నమూనాల పరీక్ష. 2020లో సీసాలు ఢిల్లీ, హైదరాబాద్ వెళ్లి రావాల్సి వచ్చింది. వాటి ఫలితాల కోసం ఊరంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది.

ఇంట్లో మనం చేయదగ్గవి

వారానికో రోజు డ్రై డే. గాలి గొట్టానికి గుడ్డ. కిటికీకి మెష్, మంచానికి దోమతెర.

కూరగాయలను పారే నీటిలో రెండు మూడుసార్లు రుద్ది కడగండి. ఉప్పునీటిలో కాసేపు ఉంచి మళ్లీ కడిగితే పైనున్న మందు చాలావరకు పోతుంది. మొక్క లోపలికి ఇంకిన మందు మాత్రం కడిగినా పోదు. క్యాబేజీ పై ఆకులు తీసేయండి. కాలం కాని కాలంలో వచ్చే కూరలకు మందులు ఎక్కువ పడతాయి, కాలానికి వచ్చేవే వండుకోండి.

డబ్బా మీద త్రికోణం రంగు చూడండి. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపూ, పసుపూ గుర్తున్నది ఏ కారణానా ఇంట్లోకి రానివ్వకండి. చీమలకనీ, బొద్దింకలకనీ, నల్లులకనీ పొలం మందు వాడటం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఖాళీ డబ్బాలో నీళ్లు, నూనె పోయకండి.

వంకాయల్లో ఓ పుచ్చు కనిపిస్తే కోసి పారేసి మిగతాది వండండి. ఈసారి వార్డుకు పొగబండి రాలేదని ఫోన్ చేసేముందు, కాల్వ పూడిక ఎప్పుడు తీస్తారని అడగండి. ఓ పదిమంది అలా అడగడం మొదలుపెడితే, చప్పుడు లేని పనికి కూడా బడ్జెట్టులో పద్దు పుడుతుంది.